గుడ్డు నొసటి వ్రాత

కొలెస్టరాల్ గురించి నాలుగు పేజీలు వ్రాసి ఇమ్మని మన సంపాదకులు గారు మమ్మల్ని అడిగి మూడు నెలలయింది. డాక్టర్లం కనుక అది మా విధి అని వారి అభిప్రాయం కాబోలు. కొలెస్టరాల్ గురించి వ్రాస్తే మేము నిద్రపోతాము, చదివితే మీరు నిద్రపోతారు. అందుచేత గుడ్డు విషయమే వ్రాస్తున్నాము గాని, పచ్చసొన దాకా పోకుండా పెంకు బయటే ఆగుతున్నాము. సంపాదకులు గారు మన్నించాలి.

హాలిఫాక్సులో కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్లు ఎవరైనా మొదటిసారి గుడ్లు కొనడానికి వెళితే, ఆ అర ముందు అయిదు నిమిషాలు తెల్లబోయి నిలబడటం ఖాయం. ఒక అట్టపెట్టె మీద 'లార్జ్' అన్న మాట తప్ప మరేమీ ఉండదు. దాని పక్కది 'నెస్ట్ లెయిడ్'. ఆ పక్కది 'ఫ్రీ రన్'. ఇంకా పక్కకు జరిగితే 'ఫ్రీ రేంజ్', చిట్టచివర 'ఆర్గానిక్'. ఈ చివరికీ ఆ చివరికీ డజను ధరలో బోలెడు తేడా. 'ఫ్రీ' అని వ్రాసినదానికే ఎక్కువ డబ్బు పుచ్చుకునే దేశం ఇది అని మావారు వచ్చిన కొత్తలో నవ్వారు.

తెలియనివారి కోసం ఆ వ్రాతకు అర్థం చెబుతాము. ఏమీ వ్రాయని పెట్టెలోవి మామూలుగా బోను కోళ్ల గుడ్లు. మన వైపు ఫారాల్లో 'కేజులు' అంటారే, అవే. ముందుకు వాలిన తీగల నేల, ఎదురుగా మేత తొట్టి. గుడ్డు పెట్టగానే అదే దొర్లుకుంటూ బయటికి వస్తుంది. ఇక్కడి పాత పద్ధతి కేజులో తెల్ల కోడికి దక్కే చోటు 67 చదరపు అంగుళాలు. మీరిప్పుడు చేతిలో పట్టుకున్న ఈ కాగితం 93 చదరపు అంగుళాల పైచిలుకు. ఇందులో ముప్పాతిక వంతు కూడా కోడికి రాదన్నమాట. 'నెస్ట్ లెయిడ్' అన్నదీ కేజే, కాకపోతే పెద్దది. కోడికి 116 చదరపు అంగుళాలు, ఎక్కి కూర్చోవడానికి అడ్డకర్ర, గుడ్డు పెట్టడానికి తెర కట్టిన మూల, కాళ్లతో గీరుకోవడానికి చిన్న పట్టా ఉంటాయి. 'ఫ్రీ రన్' కోళ్లు బోను లేకుండా షెడ్డులో తిరుగుతాయి గాని ఆరుబయలు ఎరగవు. 'ఫ్రీ రేంజ్' కోళ్లను వాతావరణం అనుకూలించినప్పుడు బయటికి వదులుతారు. ఈ 'అనుకూలించినప్పుడు' అన్న మాటను హాలిఫాక్సు వాసులు ప్రత్యేకంగా గమనించాలి. జనవరిలో కారు దాకా నడవడానికి మనమే జంకుతాము, ఇక కోడిని అడగనక్కరలేదు. 'ఆర్గానిక్' కోళ్లకు ఈ ఆరుబయలుతో బాటు రసాయనాలు లేకుండా పండించిన మేత పెడతారు.

వీటిలో ఒంటికి ఏది మంచిదని పార్టీల్లో మమ్మల్ని అడుగుతూ ఉంటారు. మాంసకృత్తుల్లో గాని, సంపాదకులు గారికి ఇష్టమైన కొలెస్టరాల్‌లో గాని చెప్పుకోదగ్గ తేడా లేదు. నిజంగా పచ్చిక మేసిన కోడి గుడ్డులో విటమిన్ ఇ, ఒమేగా కొవ్వులు కొంత ఎక్కువ. గోధుమరంగు పెంకుకూ బలానికీ సంబంధం లేదు, అది కోడి జాతిని బట్టి వస్తుంది. పచ్చసొన ముదురు రంగు చూసి ఇది పల్లెటూరి గుడ్డని మురిసిపోయేవారికి ఒక రహస్యం: మేతలో బంతిపూల సారం కలిపితే బోను కోడి కూడా అదే రంగు ఇస్తుంది. మన గుమ్మానికి కట్టే బంతిపూలే.

ఇంగ్లీషులో ఇన్ని పేర్లున్న ఈ స్వేచ్ఛకు మన తెలుగులో పేరే లేదు. ఉండనక్కరలేకపోయింది. కోడి అంటేనే తిరిగేది. తిరగని కోడి వచ్చాక దానికి 'ఫారం కోడి' అని పేరు పెట్టాము, అప్పుడు తిరిగేదానికి 'నాటుకోడి' అనవలసివచ్చింది. మా నాయనమ్మ ఈ రెండో మాట అనగా మేము వినలేదు. ఆవిడకు కోడి, కోడే.

తణుకు దగ్గర మా పల్లెలో ఆవిడకు పెరటినిండా కోళ్లుండేవి. రాత్రి గంప కింద, పగలు ఊరి మీద. ఇన్ని నూకలు, తవుడు చల్లితే మిగిలినది పెంటకుప్పలో అవే వెతుక్కునేవి. ఒక్కొక్క పెట్ట ఏడాదికి యాభయ్యో అరవయ్యో గుడ్లు పెట్టేది. పొదిగించినవి పోగా మిగిలినవి ఆవిడ అమ్మేది. ఆ డబ్బు పోపులపెట్టెలో ఉండేది. దాని లెక్క అడిగే అధికారం మా తాతగారికి లేదు. మా నాన్నగారు పదో తరగతి పరీక్ష ఫీజు పోపులపెట్టెలోంచి వచ్చిన చిల్లరతో కట్టానని, రూపాయలకు పసుపు అంటుకుని ఉండేదని ఇప్పటికీ చెబుతారు.

అయితే ఆ పెరడు స్వర్గమేమీ కాదు. గద్ద, పిల్లి, ముంగిస సరే సరి. ఎండాకాలం వచ్చేసరికి కొక్కెర తెగులు వచ్చేది. మెడ వంకర తిరిగి, రెక్కలు వేలాడేసి, నిలబడిన కోడి నిలబడినట్టే ఒరిగిపోయేది. వారం రోజుల్లో గంప ఖాళీ. వైద్య గ్రంథాల్లో దీనికి రెండు ఊళ్ల పేర్లున్నాయి, న్యూకాసిల్ అనీ రాణిఖేత్ అనీ. ఆవిడకు మాత్రం అది అమ్మవారి కోపం. మళ్లీ ఎవరింటినుంచో పొదుగుపెట్టను, డజను గుడ్లను అరువు తెచ్చి మొదలుపెట్టేది.

మా నాన్నగారు 1994లో బ్యాంకు అప్పు తెచ్చి షెడ్డు కట్టారు. అప్పటికి మన జిల్లాల్లో ఆ గాలి బాగా వీస్తోంది. బండ వాసుదేవరావు గారు 1971లో హైదరాబాదులో వెంకటేశ్వర హేచరీస్ పెట్టడం, గుడ్డు ధరను వ్యాపారులు కాకుండా రైతులే చెప్పుకోవాలని ఊరూరా తిరిగి 1982లో గుడ్ల సమన్వయ సంఘాన్ని లేపడం, ఇవి రెండూ లేకపోతే గోదావరి జిల్లాల్లో అన్ని షెడ్లు లేచేవి కావు. ఏడాదికి మూడు వందల పైన గుడ్లు పెట్టే తెల్ల లెగ్‌హారన్ సంతతి కోళ్లు వచ్చాయి. తణుకు నుంచి లారీలు బెంగాలుకు, అస్సాముకు బయలుదేరేవి. మా షెడ్డులో పదివేల కోళ్లు. ట్రేకు ముప్పయి గుడ్లు కనుక మా ఇంట్లో పిల్లలందరికీ రెండో ఎక్కం కంటె ముందు ముప్పయ్యో ఎక్కం వచ్చింది. మే నెలలో వడగాడ్పుకు కోళ్లు నోరు తెరుచుకుని రొప్పుతుంటే షెడ్డు చుట్టూ గోనెపట్టాలు కట్టి, మధ్యాహ్నమంతా పైపుతో తడుపుతూ నిలబడేవారము. మనుషులు భోజనం మానిన రోజులున్నాయి గాని కోళ్లకు మేత ఆలస్యమైన రోజు లేదు.

2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలో నవాపూరులో బర్డ్ ఫ్లూ వచ్చింది. మా ఊరికి అది వందల మైళ్లు. అయినా దేశమంతా గుడ్డు తినడం మానేసింది, ధర పడిపోయింది. కోడికి ఆ సంగతి తెలియదు, అది రోజూ గుడ్డు పెడుతూనే ఉంటుంది. ఆ వేసవిలో మా అమ్మ గాజులు బ్యాంకుకు వెళ్లాయి. మరుసటేడు మాకు కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలలో సీటు వచ్చింది. హాస్టలు ఖర్చు, పుస్తకాలు, ఆ తరువాత ఈ దేశపు పరీక్షలకు కట్టిన డాలర్లు, విమానం టిక్కెట్టు, అన్నీ ఆ కేజుల్లోంచి దొర్లి వచ్చినవే. ఒక్క తేడా మాత్రం చెప్పుకోవాలి. నాయనమ్మ కోళ్లు నాయనమ్మవి. షెడ్డులో మా అమ్మ పొద్దుటి నుంచి రాత్రి దాకా చాకిరీ చేసినా, లారీవాడు డబ్బు లెక్కపెట్టేది నాన్నగారి చేతిలోనే. పోపులపెట్టెలో పోపులే మిగిలాయి.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, పోయిన శీతాకాలంలో మా అమ్మాయి, తొమ్మిదేళ్లది, బడిలో జంతువుల మీద ఏదో ప్రాజెక్టు చేసి వచ్చి, ఆదివారం ఫోనులో వాళ్ల తాతయ్యను ఇలా అడిగింది: "తాతయ్యా, మీ కోళ్లన్నీ జైల్లో ఉన్నాయా?"

నాన్నగారు తడుముకోలేదు. "జైలు కాదమ్మా, హాస్టలు. వేళకు తిండి, వేళకు దీపం. బయటికి పోయే పని లేదు. ఎన్ని గుడ్లు పెట్టిందో రోజూ లెక్క. మీ అమ్మ ఇంటరు అలాగే చదివింది."

విజయవాడ హాస్టళ్లలో రెండేళ్లు గడిపిన మాకూ మావారికీ నవ్వు ఆగలేదు. అమ్మాయి నవ్వలేదు. నాన్నగారు కూడా ఫోను పెట్టాక చాలాసేపు మాట్లాడలేదని, అన్నం కలిపి అలాగే కూర్చున్నారని మరునాడు అమ్మ చెప్పింది. మాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఇక్కడ మన పిల్లలకు బడిలో చెప్పేది అబద్ధం కాదు. అలాగని మా నాన్నగారు కిరాతకుడూ కాదు. ఈ రెంటినీ ఒక్క కంచంలో ఎలా వడ్డించడం?

డాక్టర్లం కనుక ముందు ఎముకల దగ్గర మొదలుపెట్టాము. కదలకుండా మంచాన పడ్డ మనిషి ఎముకలు గుల్లబారతాయని మీకు తెలుసు. బోను కోడికి అదే జబ్బు. పైగా దాదాపు రోజూ ఒక పెంకుకు సరిపడా సున్నం ఒంట్లోంచి తీసి ఇవ్వాలి. చివరికి షెడ్డు ఖాళీ చేసేటప్పుడు పట్టుకుంటే కాళ్లు విరిగే కోళ్లుంటాయి. అది మేము చిన్నప్పుడు కళ్లారా చూసినదే, దాని పేరు మాత్రం తరువాత తెలిసింది. వదిలిన కోడికి ఎముకలు గట్టివి. కాని అది అంతస్తుల అడ్డకర్రల మీంచి ఎగిరి దూకి రొమ్ము ఎముక విరగ్గొట్టుకోవడం ఎక్కువ. వేల కోళ్లు ఒకే చోట తిరిగితే ఒకదాని ఈకలు ఒకటి పీకి, నెత్తురు చూస్తే చంపే దాకా పోవచ్చు. కోడికి ఇసుకలో పొర్లాలని, గుడ్డు పెట్టేముందు చాటుకు పోవాలని, చీకటి పడితే కర్ర ఎక్కాలని పుట్టుకతో వచ్చిన తహతహ ఉంది. బోనులో ఈ మూడూ జరగవు. ఇంగ్లండులో రూత్ హారిసన్ అనే ఆవిడ 1964లో పుస్తకం వ్రాసి ఈ గొడవ లేవదీశారు. యూరపులో 2012 జనవరి 1 నుంచి పాత రకం కేజులు నిషేధం. ఇక పుంజు పిల్లల సంగతి అట్టపెట్టె మీద ఎవ్వరూ వ్రాయరు. గుడ్లు పెట్టే జాతిలో మగపిల్లలు పనికిరావు కనుక పొదిగిన రోజే వాటిని చంపేయడం మామూలు, పెట్టెలు బోనులో పెరిగినా పచ్చికలో పెరిగినా.

తరువాత ఇక్కడి షెడ్డు చూడాలనిపించింది. అన్నాపొలిస్ లోయలో ఒక రైతుగారు ఒప్పుకున్నారు. బూట్లకు తొడుగులు వేసుకుని, పుస్తకంలో సంతకం పెట్టి, గాజు కిటికీలోంచి చూశాము. కొత్త రకం పెద్ద కేజులు. కోళ్లు కర్రల మీద వరుసగా కూర్చుని ఉన్నాయి. తెర చాటున ఒకటి గుడ్డు పెడుతోంది, దాని తోక మాత్రం కనబడుతోంది. కంపు లేదు, ఎండ లేదు, గోనెపట్టాలు లేవు. మాకు కోళ్ల కంటె రైతుగారి ముఖం ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది. గుడ్డు ధర రేపు ఎంతో అన్న దిగులు ఆ ముఖంలో లేదు.

దానికి కారణం ఉంది. కెనడాలో 1972లో చేసిన చట్టం ప్రకారం ఎవరు ఎన్ని కోళ్లు పెంచాలో కోటా ఉంటుంది. మేత, కూలి, షెడ్డు ఖర్చు లెక్కకట్టి రైతుకు గిట్టే ధర నిర్ణయిస్తారు. బయటి దేశపు గుడ్లను కట్టడి చేస్తారు. మొదట్లో ఈ ఏర్పాటు నవ్వులపాలైంది కూడా, 1974లో 2 కోట్ల 80 లక్షల గుడ్లు గిడ్డంగుల్లో కుళ్లిపోయాయి. కాని నిలబడింది. 2016లో గుడ్ల రైతుల సంఘం వారు పాత కేజులు మానేస్తామని ప్రకటించారు. అప్పటికి పదింట తొమ్మిది కోళ్లు వాటిలోనే ఉన్నాయి. 2017 నియమావళి ప్రకారం 2036 జూలై నాటికి ఒక్కటీ మిగలకూడదు. అంటే రైతుకు ఇరవై ఏళ్ల గడువు, పెరిగిన ఖర్చుకు పెరిగిన ధర. ఆ ధర ఇచ్చేది మనం, ఆ అర ముందు నిలబడి.

మన దేశంలో 1960 నాటి చట్టమే జంతువును కదలడానికి వీలులేని బోనులో పెట్టరాదంటోంది. 2017లో లా కమిషన్ ఈ కోళ్ల మీదే ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. కాగితం మీద మనమేమీ వెనుకబడలేదు. ధర దగ్గరే వస్తుంది చిక్కు. అక్కడ రైతుకు గుడ్డు మీద మిగిలేది పైసల్లో. మొక్కజొన్న ధర పెరిగితే అదీ లేదు.

ఈ సంగతులన్నీ నాన్నగారికి ఫోనులో చెప్పాము. ఆయన మూడు రోజులు ఆలోచించి తిరిగి ఫోను చేశారు. "అమ్మాయ్, మన కేజు పదిహేను అంగుళాల వెడల్పు, పన్నెండు లోతు. మూడేసి కోళ్లు. తలకు అరవై చదరపు అంగుళాలు. మీ వాళ్ల లెక్కకు నూట పదహారు ఇవ్వాలంటే పదివేల కోళ్ల షెడ్డులో అయిదువేల చిల్లర పడతాయి. తక్కిన అయిదువేల కోళ్ల వాయిదా బ్యాంకువాడు మాఫీ చేస్తాడా?" అన్నారు. తరువాత మా అమ్మాయి చేత అట్టపెట్టె ఫోటో తెప్పించుకున్నారు. ఫ్రీ రేంజ్, డజను ఏడు డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూసుకుని, "గుడ్డు ముప్పయి అయిదు రూపాయలా! ఆ రేటు నాకిస్తే కోడికొక గది కట్టించి ఫ్యాను పెట్టేవాణ్ణి" అన్నారు. ఇందులో పరిహాసం సగమే.

మా అభిప్రాయం అడిగితే, నాన్నగారి లెక్క తప్పు కాదు, మా అమ్మాయి ప్రశ్నా తప్పు కాదు. కోడికి చోటు ఇవ్వవలసిందే, కాని దాని అద్దె ఎవరు కడతారన్నది తేల్చకుండా రైతును తిట్టడం మాకు నచ్చదు. అందులోనూ మనలాంటి వాళ్లం, నెల జీతాలవాళ్లం. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు నాటుకోడి పులుసుకు ఎంతైనా ఇచ్చి, ఇక్కడ డజనుకు రెండు డాలర్ల దగ్గర బేరం చూడటం ఏమంత బాగుండదు. మేము ఇప్పుడు ఫ్రీ రన్ గుడ్లు కొంటున్నాము. ఫ్రీ రేంజ్ ఎందుకు కాదంటే, ఆరు నెలలు మంచులో ఉండే చోట ఆ రెండో మాటకు ఇచ్చే అదనపు డబ్బు ఎక్కువగా ఆశకే పోతుందని మావారి వాదన. వేసవిలో మాత్రం శనివారం పొద్దున్నే రైతుబజారుకు వెళతాము. 1750 నుంచి నడుస్తున్న బజారు అది, రైతును ఎదురుగా అడగవచ్చు.

ఆరుబయలుకు ఇంకో చిక్కు ఉంది, అది మా నాయనమ్మకు బాగా తెలిసినది. 2022 ఫిబ్రవరిలో మన నోవా స్కోషియా పడమటి భాగంలో ఒక టర్కీ కోళ్ల ఫారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. అడవి బాతులు తెచ్చే జబ్బు కనుక కోళ్లను లోపలే ఉంచమన్నారు. మూడేళ్లకు, 2025 ఫిబ్రవరిలో, అదే జబ్బు తణుకు దగ్గర వేల్పూరులో, కానూరు అగ్రహారంలో. అప్పటికి నాన్నగారు షెడ్డు వేరేవారికి కౌలుకిచ్చేశారు. అయినా ఆ నెలంతా రోజుకు రెండుసార్లు ఫోను చేసి కోళ్ల సంగతే మాట్లాడారు. మా అమ్మ పెరట్లో నాలుగు గ్రామప్రియ పెట్టలున్నాయి, రాజేంద్రనగరు కోళ్ల పరిశోధనాలయం వారు పల్లె పెరళ్ల కోసం తీసిన జాతి. ఆ గుడ్లు అమ్మ అమ్ముతుంది, ఎవరికీ లెక్క చెప్పదు.

ఇప్పుడు మా అమ్మాయికి కోళ్లు కావాలట. 2008లో మన ఊళ్లో ఒకావిడ పెరట్లో మూడు కోళ్లు పెంచుకుంటే, ఇరుగుపొరుగు ఫిర్యాదు మీద తీసేయమని పురపాలకం వారు ఉత్తర్వు ఇచ్చారు. పెద్ద రగడ అయింది. ఒక పుష్కరం దాటాక నిబంధనలు సడలి, ఇళ్ల పెరళ్లలో కొద్దిపాటి పెట్టలను పెంచుకునే వీలు వచ్చింది. పుంజుకు మాత్రం లేదు, తెల్లవారుజామున లేపే పని ఇక్కడ మంచు తోసే బండిదే.

మేమింకా ఊ అనలేదు. మావారు చలికి గోడ ఎంత మందం ఉండాలో లెక్క వేస్తున్నారు. నాన్నగారు గూడు కొలతలు చెబుతున్నారు: ముఖం తూర్పుకు ఉండాలి, అడ్డకర్ర గుండ్రంగా కాకుండా కాస్త చదునుగా ఉండాలి, గుడ్లు పెట్టే పెట్టె చీకటిగా ఉండాలి, కింద ఇసుక పోయాలి, కోడికి నాలుగు చదరపు అడుగులకు తక్కువ ఇవ్వరాదు. మూడు కోళ్లకు ఇంత గూడెందుకు నాన్నగారూ అంటే, "మూడే కదమ్మా, బ్యాంకు అప్పు లేదు కదా" అన్నారు. ఏప్రిల్ వచ్చి నేల కరిగాక చూద్దామన్నాము. పెట్టపిల్లలు ఎక్కడ దొరుకుతాయో మన సంఘంలో ఎవరికైనా తెలిస్తే మాకు ఫోను చేయండి, అమ్మాయి తీస్తే మాత్రం ఏమీ చెప్పకండి.